స్ప్రే కొడితే ఎండ పోతుందా?

"ఏందిరా అది, దోమల మందా?"

డబ్బా మూత తీసి మోచేతి మీద కొట్టుకుంటుంటే మా బాపు వేసిన మొదటి ప్రశ్న ఇది. కాదు బాపూ, ఎండ మందు అన్నాను. ఆయన నన్నూ, డబ్బానీ, కిటికీ బయట తెల్లగా మండిపోతున్న గోదావరిఖని ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, "ఎండకు సుత మందు వచ్చిందా" అని మళ్ళీ పేపర్లో మునిగిపోయాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా బాయిల దిగి బొగ్గు తీసిన మనిషి. ఆయన లెక్కలో ఎండ అంటే షిఫ్టు దిగి పైకొచ్చాక కళ్ళు చికిలించుకుని చూసేది.

ఇది 2024 మే మొదటి వారం సంగతి. 13న లోక్‌సభ ఓటు ఉంది కదా, ఆ వంకతో ఇంటినుంచి పని చేస్తానని మేనేజర్ని ఒప్పించి హైదరాబాదు నుంచి వచ్చేశాను. అసలు కారణం వేరు. బాపు రిటైరయ్యి కంపెనీ క్వార్టరు అప్పజెప్పాక కట్టుకున్న రెండు గదుల ఇంటి మీద నేను పైన ఇంకో రెండు గదులు వేయిస్తున్నాను. వానలు పడేలోపు గోడల గిలాబు (ప్లాస్టరింగుని మా వైపు అలాగే అంటారు) అయిపోవాలి. మేస్త్రి ఎవరో కాదు, మా అక్క మొగుడే. బావ, ఇద్దరు కూలీలు. పైన వాళ్ళు, కింద కూలరు ముందు లాప్‌టాప్ పెట్టుకుని నేను.

ముందే చెప్పేస్తున్నా. ఇందులో సగం స్ప్రే సన్‌స్క్రీన్‌ని తిట్టడం, మిగతా సగం నన్ను నేను తిట్టుకోవడం. రెండోది రాయడానికి సిగ్గేసి ఇన్నాళ్ళు పక్కన పెట్టాను. ఇంకో మాట... నేను చర్మ వైద్యుణ్ణి కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ లేబుల్ చదవడం, తూకం వేయడం, భాగహారం చేయడం మనకి వచ్చు కదా. ఈ గొడవకి అవి చాలు.

ఆ డబ్బా ఎందుకు కొన్నానంటే, ఆఫీసు వాట్సాప్ గ్రూపు పుణ్యం. మార్చి వస్తే చాలు, అందరూ చర్మ నిపుణులైపోతారు. సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటడం హెల్మెట్ లేకుండా బండి నడపడం లాంటిదని ఒకరు. ఆఫీసులో కూర్చున్నా రాసుకోవాలి, మానిటర్ వెలుతురుకి కూడా మొహం పాడవుతుందని ఇంకొకరు. క్రీము జిడ్డు, స్ప్రే అయితే రెండు సెకన్లలో పని అయిపోతుందని మరొకరు. ఆ 'రెండు సెకన్లు' అన్న మాటకే నేను పడిపోయాను. మన జాతి బలహీనత అదే. ఏ పనైనా ఒక్క బటన్ నొక్కితే అయిపోతుందంటే క్రెడిట్ కార్డు దానంతటదే బయటికొస్తుంది. ఒక్కోదానికి దాదాపు 700 రూపాయలు పోసి 100 మిల్లీలీటర్ల డబ్బాలు రెండు కొన్నాను. ఎస్‌పీఎఫ్ 50, పీఏ++++.

మొదటి రోజే లేబుల్ చదివి బుర్ర గోక్కున్నాను. 'మొహం మీద నేరుగా కొట్టకండి. చేతిలోకి కొట్టుకుని మొహానికి రాసుకోండి' అని ఉంది. 'మిగతా చోట్ల కొట్టాక చేత్తో బాగా రుద్దండి' అని ఉంది. 'పీల్చకండి, గాలి ఆడే చోట వాడండి' అని కూడా ఉంది. బాగానే ఉంది. చేతిలోకి కొట్టుకుని, చేత్తో రుద్దుకుంటే దాన్ని స్ప్రే అంటారా, క్రీము అంటారా? గాలి ఆడే చోట కొడితే మందు గాలికి పోతుంది. గాలి ఆడని చోట కొడితే ముక్కులోకి పోతుంది. రిక్వైర్‌మెంట్లు రెండూ ఒకదానితో ఒకటి తన్నుకుంటున్నాయి, అయినా ప్రొడక్షన్‌కి పంపించేశారు!

బాత్‌రూములో తలుపేసుకుని కొట్టుకుంటే దగ్గొచ్చింది. పైగా నేల మీద పడ్డ తుంపరకి టైల్స్ నున్నగా తయారయ్యి అమ్మ జారబోయింది. డాబా మీద కొట్టుకుంటే గాలికి పక్కింటి వాళ్ళ వడియాలకి ఎస్‌పీఎఫ్ వచ్చింది గానీ నాకు వచ్చిందో లేదో తెలీదు.

ఈ 'తెలీదు' అన్నదే అసలు సమస్య.

ఎస్‌పీఎఫ్ అంకె ఎలా వస్తుందో ఒకసారి చూడండి. ప్రయోగశాలలో చర్మం మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున సమంగా పూసి, చర్మం ఎర్రబడడానికి ఏమీ పూయనప్పటి కంటే ఎన్ని రెట్లు ఎక్కువ కిరణాలు కావాలో కొలుస్తారు. డబ్బా మీద 50 అని వేసేది ఆ మందాన పూసినప్పటి సంగతి. సగమే పూస్తే 50 కాస్తా 25 అవుతుంది, ఇంకా తగ్గినా ఆశ్చర్యం లేదు. క్రీముకైతే ఒక కొలత ఉంది. చూపుడు వేలు, నడిమి వేలు పొడుగునా రెండు గీతలు వేస్తే మొహానికీ మెడకీ ఇంచుమించు సరిపోతుంది. కంటికి కనపడే లెక్క. స్ప్రేకి ఏం లెక్క? 'ధారాళంగా' కొట్టమంటారు. ధారాళం అంటే ఎంత? నా టీములో ఎవరైనా టైమవుట్ విలువ 'ధారాళంగా' అని రాస్తే ఊరుకుంటానా?

అందుకని ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టాను (నవ్వకండి). బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి నా దగ్గర ఉంది. ఏ4 కాగితం వైశాల్యం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు, ఇంచుమించు మన మొహమంత. లెక్క ప్రకారం దాని మీద 1.25 గ్రాములు పడాలి. కాగితం తూచి, గోడకి అంటించి, ప్రకటనల్లో అమ్మాయి కొట్టుకున్నట్టే జానెడు దూరం నుంచి అటూ ఇటూ రెండు సార్లు ఊపి, వెంటనే మళ్ళీ తూచాను. కావలసిన దాంట్లో సగం కూడా పడలేదు. కూలరు ఆన్ చేసి కొడితే ఇంకా ఘోరం. ఇది శాస్త్ర పరిశోధన కాదు, ఒక ఇంట్లో ఒక కాటా. కానీ కాటా మీ ఇంట్లోనూ ఉంటుంది, మీరూ తూచుకోవచ్చు.

ఇప్పుడు భాగహారం. మొహం, మెడ, మోచేతుల కింద భాగం, అరచేతుల వెనక... మొత్తం 2200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కసారికి 4.4 గ్రాములు. చెమట పట్టే చోట రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలని వాళ్ళే అంటారు. బయట పనిచేసే మనిషికి రోజుకి నాలుగు సార్లు, అంటే 17.6 గ్రాములు. ఒక్క చుక్క కూడా గాలికి పోకుండా, డబ్బాలో ఉన్నదంతా మందే అనుకున్నా ఆరు రోజులకి ఒక డబ్బా ఖాళీ. నెలకి 5 డబ్బాలు, 3500 రూపాయలు. ఒక్క మనిషికి! నిజానికి డబ్బాలో ఉన్నదంతా మందు కాదు. అందులో బోలెడంత గ్యాసు.

ఏం గ్యాసు అంటారా? డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది: ప్రొపేన్, బ్యూటేన్, ఐసోబ్యూటేన్. గుర్తుపట్టారా? మన వంటింటి సిలిండర్లో ఉండే సరుకే. దానికి తోడు ఆల్కహాలు. అన్ని స్ప్రేలూ ఇలాంటివి కావు. మీట నొక్కితే పిచికారీ చేసే సీసాలు కూడా ఉన్నాయి, వాటిలో ఈ గ్యాసు ఉండదు. కానీ 'రెండు సెకన్ల' మోజు అంతా ఈ ఏరోసాల్ డబ్బాల మీదే. '50 డిగ్రీలు దాటిన చోట ఉంచకండి' అని దాని మీదే రాసి ఉంటుంది. రామగుండంలో మే నెలలో నీడలో కొలిచిన వేడే 45 దాటడం కొత్త కాదు. అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటుతుంది. డబ్బాని కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి లక్ష్మీనగర్‌లో షాపింగుకి వెళ్ళే మహానుభావులు కాస్త ఆలోచించుకోండి.

ఈ ముక్క బాపుకి చదివి వినిపిస్తే ఆయన నవ్విన నవ్వు చూడాలి. బాయిల దిగేముందు జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, లైటరు ఏదీ లోపలికి పోనివ్వరు. గనిలో మీథేన్ ఉండొచ్చు, ఒక్క నిప్పురవ్వ చాలు. ముప్ఫై ఏళ్ళు అగ్గిపుల్లకి భయపడి బతికిన ఇంట్లో, అంటుకునే గ్యాసుని మొహానికి కొట్టుకోవడానికి 700 పెట్టి కొనుక్కొచ్చిన చదువుకున్న కొడుకుని నేను! ఊరికే అతిశయోక్తి చేస్తున్నాననుకోకండి. 2012లో అమెరికాలో బనానా బోట్ అనే కంపెనీ సన్‌స్క్రీన్ స్ప్రేలు కొన్నిటిని బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు. ఒంటి మీద పూర్తిగా ఆరకముందే నిప్పు దగ్గరికి వెళ్తే అంటుకునే ప్రమాదం ఉందని. 2021 జులైలో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళు న్యూట్రోజీనా, ఎవీనో పేర్ల మీద అమ్మే ఏరోసాల్ సన్‌స్క్రీన్లని అక్కడే వెనక్కి పిలిచారు. కొన్ని డబ్బాల్లో బెంజీన్ జాడలు దొరికాయి. బెంజీన్ క్యాన్సర్ కారకం. విచిత్రం ఏంటంటే, ఒకప్పుడు బెంజీన్‌ని బొగ్గు తారు నుంచే తీసేవారు. బొగ్గు నుంచి తప్పించుకుని హైదరాబాదు వెళ్ళినా అది మనల్ని వదలదన్నమాట.

అయితే సన్‌స్క్రీనే దండగా? కాదు. ఇక్కడ రెండో వర్గాన్ని కూడా తిట్టాలి. 'మనది నల్లతోలు, మనకి ఎండేం చేస్తుంది' అనే వర్గం. అది సగం నిజం మాత్రమే. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవాళ్ళతో పోలిస్తే మనకి చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్ళో 1992 నుంచి 1996 దాకా చేసిన పరిశోధనలో రోజూ సన్‌స్క్రీన్ పూసుకున్న వాళ్ళకి ఒక రకం చర్మ క్యాన్సర్ తగ్గిందని తేలింది. కానీ అది ప్రధానంగా తెల్లచర్మం వాళ్ళ ఊరు. ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు మనకి అతికించి అమ్మడం మోసం. అలాగని మనకి ఏమీ కాదనడం కూడా తప్పే. మంగుమచ్చలు ఉన్నవాళ్ళకి ఎండ తగిలితే అవి ముదురుతాయి. బొల్లి ఉన్నవాళ్ళు, లూపస్ లాంటి జబ్బులున్నవాళ్ళు, ఎండ పడని మందులు వాడేవాళ్ళు తప్పకుండా జాగ్రత్త పడాలి. వాళ్ళకి డాక్టరు చెప్పిన క్రీము మందే. పైగా మంగుకి మామూలు వెలుతురు కూడా పడదు కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్లు ఎక్కువ మేలు చేస్తాయి. చూశారా, అక్కడ కూడా గెలిచింది క్రీమే, స్ప్రే కాదు.

ఇక ఆఫీసు సంగతి. కిటికీ అద్దం యూవీ-బి కిరణాల్ని ఆపుతుంది గానీ యూవీ-ఏని చాలావరకు వదిలేస్తుంది. రోజంతా ఎండ పడే కిటికీ పక్కన కూర్చుంటే క్రీము రాసుకోండి, లేదా కర్టెన్ లాగండి. కర్టెన్ ఫ్రీ. మానిటర్ వెలుతురుకి మాత్రం రాసుకోకండి, నవ్వుతారు. ఎండ ముందు మానిటర్ ఎంత, మిణుగురు పురుగంత.

చాలామంది అసలు భయం క్యాన్సరూ కాదు, మంగూ కాదు... నల్లబడతామని. ఒప్పుకోండి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, మన బుర్రలు మారలేదు. అప్పట్లో 'తెల్లబడండి' అనేవారు, ఇప్పుడు 'ట్యాన్ తీసేయండి' అంటున్నారు. బొగ్గు తవ్వి మమ్మల్ని చదివించిన ఊళ్ళో పుట్టి, నలుపంటే భయపడితే అన్నం తిన్నట్టేనా?

సరే, ఇప్పటిదాకా డబ్బాని తిట్టాను. ఇప్పుడు నా వంతు.

మా బావ వాళ్ళ పద్ధతి ఏంటంటే, మే నెలలో పొద్దున ఆరింటికే పని మొదలుపెట్టి పదకొండుకి దిగిపోతారు. మళ్ళీ నాలుగున్నరకి ఎక్కుతారు. తలకీ మొహానికీ తడిపిన రుమాలు చుట్టుకుని కళ్ళు మాత్రమే కనపడేలా ఉంటారు. నాకు అది టైము వృథా అనిపించింది. 13న ఓటేసి 14న నేను వెళ్ళిపోవాలి. దక్షిణం గోడ గిలాబు నా కళ్ళముందే అయిపోవాలి. రెండో డబ్బా తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాను.

"బామ్మర్దీ, ఇది కొడితె ఎండ తగలదా?"

"తగలదు బావా. ఎస్‌పీఎఫ్ 50. మేం కూడా ఇదే వాడతాం."

"అయితె ఇగ రుమాలెందుకు, లోపలంత ఉబ్బరిస్తుంది."

రుమాలు విప్పి పక్కన పెట్టాడు. నేనేం మాట్లాడలేదు. 'మరి ఇవాళ ఒంటిగంట దాకా లాగేద్దామా బావా' అన్నాను. చుట్టరికం, మొహమాటం. కాదనలేదు. కర్రల మీద నిలబడి గోడకి సిమెంటు కొడుతున్నాడు. నేను కిందకొచ్చి స్టాండప్ కాల్‌లో 'నో బ్లాకర్స్' అని చెప్పాను.

పన్నెండున్నరకి పైన కేకలు వినిపించాయి. బావ కర్రల మీద నుంచి ఎలాగో దిగి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. కళ్ళు తిరుగుతున్నాయి, మాట తడబడుతోంది. కూలీలిద్దరూ మెట్ల కింద నీడలోకి లాక్కొచ్చి, చొక్కా విప్పి, రంజన్‌లో నీళ్ళు ఒంటి మీద గుమ్మరించి, తడిగుడ్డతో విసిరారు. వాళ్ళకి ఏం చేయాలో తెలుసు. నేను ఫోన్ పట్టుకుని ఏం టైపు చేయాలో వెతుక్కుంటున్నాను. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టారు. ఇంకో అరగంట ఆలస్యమైతే కథ వేరేగా ఉండేదన్నాడు డాక్టరు. సాయంత్రానికి తేరుకున్నాడు.

అక్క వచ్చింది. ఆ డబ్బా చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"పత్తి చేన్ల పురుగుకు కొట్టినట్టు మనిషికి మందు కొట్టి ఎండల నిలవెట్టినవ్ రా తమ్మీ. ఆ డబ్బా కొన్న పైసలతోని మీద ఒక పరదా కట్టకపోతివా?"

పదిహేనేళ్ళ సర్వీసులో ఇంతకంటే సూటి కోడ్ రివ్యూ నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ రాత్రి కూర్చుని చేయాల్సిన లెక్క చేశాను. ముందే చేసి ఉంటే బాగుండేది. నేల మీదికి చేరే ఎండ శక్తిలో అతినీలలోహిత కిరణాల వాటా సుమారు 5 శాతం. మిగతాదంతా వెలుతురు, పరారుణం. సన్‌స్క్రీన్ ఎంత గొప్పదైనా, ఎంత మందాన పూసినా, పనిచేసేది ఆ 5 శాతం మీద. మిగతా 95తో దానికి పెద్దగా సంబంధం లేదు. దానికి తోడు చుట్టూ ఉన్న గాలే 45 డిగ్రీలుంటే, 35 డిగ్రీలుండే మన చర్మం గాలికి వేడి ఇవ్వదు, గాలి నుంచి పుచ్చుకుంటుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచే దారి ఒక్కటే, చెమట ఆరడం. ఎండలో కష్టం చేసే మనిషికి గంటకి లీటరు చెమట పోయినా పోతుంది. ఆ నీళ్ళు, ఉప్పు తిరిగి లోపలికి వెళ్ళకపోతే పంపు ఆగిపోతుంది. బావ రుమాలు చేసే పని అది: నెత్తి మీద పడే ఎండని మొత్తంగా అడ్డుకోవడం, తడిగా ఉండి చల్లబరచడం. నేను అతని దగ్గర నూటికి నూరు మీద పనిచేసే గుడ్డ తీయించి, నూటికి ఐదు మీద పనిచేసే తుంపర కొట్టించాను. అదీ సగం గాలికి పోయే తుంపర.

వేడి, యూవీ ఒకటే అనుకోవడం నా మొదటి తప్పు. గోదావరిఖని దాదాపు 18.75 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల నడుమ ఒకసారి, జులై చివర్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. యూవీ పన్నెండు దాటిన కాసేపటికి గరిష్టంగా ఉంటుంది. గాలి వేడి మాత్రం మూడు, నాలుగు గంటలకి. మబ్బులు విడిచిన జులై మధ్యాహ్నం చల్లగా అనిపించినా యూవీ మేతో పోటీ పడుతుంది. మే సాయంత్రం ఐదింటికి యూవీ దాదాపు పోయినా వడగాలి ప్రాణం తీస్తుంది. ఇవి రెండు వేరువేరు శత్రువులు. బావ వాళ్ళు పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఆపేది ఊరికే కాదు. ఆ ఒక్క విరామం రెండు శత్రువుల్నీ తప్పిస్తుంది. ఏ యాప్ చూడకుండా వాళ్ళు కట్టుకున్న షెడ్యూలు అది. దాన్ని నేను 'వృథా' అన్నాను.

ఇప్పుడు మీరు అడగొచ్చు... నువ్వు చేసిన వెధవ పనికి డబ్బాని ఎందుకు తిడుతున్నావు అని. న్యాయమైన ప్రశ్న. డబ్బా తప్పేంటంటే, అది నాకు ఒక వీలు ఇచ్చింది. ఎండలో నిలబడే మనిషికి ఇవ్వాల్సింది టైము, నీడ, నీళ్ళు. ఆ మూడూ నా జేబులోంచి, నా గడువులోంచి పోతాయి. డబ్బా ఇస్తే అవేవీ ఇవ్వకుండానే 'నేను చేయాల్సింది చేశాను' అన్న తృప్తి వస్తుంది. ఎండని అతని ఒంటి సమస్యగా మార్చేస్తుంది. కొట్టుకున్నావా, ఇక పో, పని చెయ్. స్ప్రే అమ్మేది రక్షణ కాదండీ, రక్షించామన్న నమ్మకం. అందులోనూ కొలవడానికి వీల్లేని నమ్మకం.

మా బొగ్గు బెల్టులో ఈ మాటకి ఇంకా బరువుంది. బాపు కాలంలో ఎక్కువమంది పని భూమి లోపల. సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్టు మొదలైంది, ఇప్పుడు కంపెనీ బొగ్గులో అత్యధిక భాగం వాటి నుంచే. అంటే ఒక తరం చీకట్లో చేసిన పనిని తర్వాతి తరం నడినెత్తిన సూర్యుడి కింద చేస్తోంది. గని బయట రోడ్లు వేసేవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు సరేసరి. ఎండ మా ఊళ్ళో సౌందర్య సమస్య కాదు, పని సమస్య. పని సమస్యకి మందు సీసాలో ఉండదు, గడియారంలో ఉంటుంది.

ఇది నా కవిత్వం కాదు. మన కరీంనగర్, పెద్దపల్లి వాళ్ళు వేలమంది పనిచేసే గల్ఫులోనే చూడండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదు. ఖతార్ 2021లో ఇంకా గట్టి చేసింది, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు నిషేధం. కేరళలో కూడా ఎండలు ముదిరితే కార్మిక శాఖ మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా విరామం ఇమ్మని ఉత్తర్వులిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బని రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షల పరిహారం అంది. మంచిదే. కానీ పరిహారం మనిషి పోయాక వస్తుంది. విరామం మనిషి ఉండగా ఇవ్వాలి. ఇంటి పని చేయించే నాలాంటి వాడికి దానికోసం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

'విరామం ఇస్తే కూలీ ఎవరిస్తారు' అని మరో ప్రశ్న. ఇంకెవరు, నేనే. ఆరింటి నుంచి పదకొండు, నాలుగున్నర నుంచి ఏడు. మొత్తం ఏడున్నర గంటలు, పూర్తి కూలీ. పని నాలుగు రోజులు ఎక్కువ పట్టింది. ఆకాశం ఊడి మీద పడలేదు. మన రిలీజులు నెలలకి నెలలు జారిపోతే క్లయింటు ఓర్చుకుంటాడు, మన గోడ నాలుగు రోజులు జారితే మనం ఓర్చుకోలేమా? రెండు స్ప్రే డబ్బాల డబ్బుకి కాస్త వేసి ఆకుపచ్చ నీడ వల తెప్పించి దక్షిణం వైపు కట్టించాను. ఒక రంజన్, ఓఆర్ఎస్ పొట్లాలు, అమ్మ చేసే చల్ల. బావ మళ్ళీ రుమాలు చుట్టుకున్నాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. అదే ఎక్కువ బాధగా ఉండింది.

ఇది చదివే మీలో సగం మందికి సొంతూళ్ళో ఏదో ఒక కట్టుబడి నడుస్తూ ఉంటుందని నాకు తెలుసు. ఈఎంఐ భయంతో, సెలవుల లెక్కతో మేస్త్రిని తొందర పెడుతూ ఉంటారు. ఎండాకాలం ఫోన్ చేసినప్పుడు 'ఎంతదాకా వచ్చింది' అని అడిగే ముందు 'మధ్యాహ్నం ఆపుతున్నారా, మీద నీడ ఉందా, నీళ్ళున్నాయా' అని అడగండి. మీ చర్మానికి కావాలంటే క్రీము వేలి మీద కొలుచుకుని రాసుకోండి. అవతలి మనిషికి మాత్రం డబ్బా ఇచ్చి చేతులు దులుపుకోకండి.

తా.క.: మిగిలిన స్ప్రే డబ్బా ఏమైందని అడుగుతారేమో. బాపు దాన్ని వంటింట్లోంచి, కారులోంచి తీయించి, చల్లటి చోట అల్మారా పైన ఎవరికీ అందకుండా పెట్టించాడు. బాయిల ఉన్నన్నాళ్ళూ అగ్గిపెట్టెని దూరం పెట్టిన అలవాటు కదా. అప్పుడప్పుడూ దాన్ని చూపించి ఇంటికొచ్చిన వాళ్ళకి చెబుతుంటాడు: "మావోడు ఎండకు మందు తెచ్చిండు. పనిచేయలే. పరదా పనిచేసింది."